స్వామి పేరు మీద

2024 మే 4, శనివారం సాయంత్రం. తెల్లవారితే నీట్ పరీక్ష. పుదుచ్చేరి మణకుళ వినాయకర్ గుడిలో అర్చన వరుసలో మా మేనకోడలు నిలబడింది, దాని వెనక నేను. ముందున్నవాళ్ళలో చాలామంది చేతుల్లో హాల్ టికెట్లే. అర్చకులు ఒక్కో కాగితం అందుకుని, పేరూ నక్షత్రమూ అడిగి, లోపలికి తీసుకెళ్ళి స్వామి పాదాల దగ్గర ఉంచి, కాస్త గరిక మీదేసి తిరిగి ఇస్తున్నారు. ఆ గుడికి సముద్రం నాలుగడుగుల దూరం. గాలికి ఎగిరిపోకుండా పిల్లలు ఆ కాగితాల్ని గుండెలకు ఆనించి పట్టుకున్నారు.

మా వంతు వచ్చింది. అమ్మాయి తన పేరు చెప్పింది, హస్తా నక్షత్రం అంది. వెంటనే ఇంకో అర్చన టికెట్టు ముందు పెట్టి మరో పేరు చెప్పింది. ఆ పేరు నాకు తెలుసు. యానాంలో మా అక్కావాళ్ళ వీధిలో, మూడిళ్ళ అవతల ఉండే పిల్ల. ఇద్దరూ ప్రభుత్వ బళ్ళో ఒకే బెంచీ మీద కూర్చుని చదివారు, ఇంటర్లో బైపీసీ కూడా కలిసే తీసుకున్నారు. ఆమె నక్షత్రం ఏమిటని అడిగేసరికి మా అమ్మాయి తెల్లమొహం వేసింది. వాళ్ళు చర్చికి వెళ్ళేవాళ్ళు. ఆ ఇంట్లో నక్షత్రం ఎవరు రాసిపెట్టుకుంటారు?

"సామి పేరుక్కు పణ్ణిడలామా?" అన్నారు అర్చకులు. స్వామి పేరు మీదే చేసేద్దామా అని. అమ్మాయి ఒక్క క్షణం ఆలోచించి, "రెండూ అలాగే చేసేయండి" అంది. అప్పటికే చెప్పిన తన పేరు కూడా వెనక్కి తీసేసుకుంది.

మన వైపు గోత్రనామాలు చెప్పకపోతే పూజ ముందుకు కదలదు. తమిళ దేశంలో ఈ పద్ధతి ఒకటుంది. ఎవరి కోసమో చెప్పలేనివాళ్ళు, చెప్పుకోవడం ఇష్టంలేనివాళ్ళు దేవుడి పేరు మీదే దేవుడికి అర్చన చేయిస్తారు. ముప్ఫై ఏళ్ళుగా ఈ ఊళ్ళో ఉండి ఆ మాట ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. దాని బరువు నాకు ఆ తరవాత రెండున్నర నెలలకు గానీ తెలియలేదు.

నేను కట్టుడు పళ్ళు చేస్తాను. ముత్యాలపేటలో మేడ కింద రెండు గదుల ల్యాబు. క్లినిక్కుల నుంచి నోటి అచ్చులు వస్తాయి. వాటిలో ప్లాస్టర్ పోసి దవడ ఆకారం తీస్తాను. దాని మీద మైనంతో కట్ట కట్టి, పైన పద్నాలుగు, కింద పద్నాలుగు పళ్ళు ఒక్కొక్కటే అమరుస్తాను. ఆ నోరు గలవాళ్ళని నేను ఎప్పుడూ చూడను. చాలాసార్లు పేరు కూడా ఉండదు, క్లినిక్కువాళ్ళు వేసిన నంబరే ఉంటుంది. ఆ నంబరుకి పై పన్ను కింది పన్ను మీద ఎక్కడ ఆనాలో, నవ్వితే ఎంత కనపడాలో ఆలోచిస్తూ రాత్రి పదింటిదాకా కూర్చుంటాను. యానాం నుంచి కుర్రతనంలో ఇక్కడికి వచ్చింది నేనూ దంత వైద్యం చదువుదామనే. మార్కులు చాలలేదు. డెంటల్ మెకానిక్ కోర్సు చేశాను.

మా మేనకోడలు చిన్నప్పుడు వేసవి సెలవులకి వస్తే ఈ ల్యాబులోనే ఆడుకునేది. మైనం ముక్క ఇస్తే బొమ్మలు చేసేది. పన్నెండో ఏట ఒక మధ్యాహ్నం నేను అన్నం తిని వచ్చేసరికి మైనం దిమ్మ మీద కింది దవడ పన్ను చెక్కిపెట్టింది. నాలుగు బొడిపెలూ, మధ్యలో గాడీ, వెనక్కి కాస్త వాలూ, అన్నీ ఉన్నాయి. ఎవరు నేర్పారే అంటే, నోరు తెరిచి అద్దంలో చూసుకున్నాను మావయ్యా అంది. అది డెంటల్ చదువుతానన్నది ఆ రోజు నుంచి. ఎంబీబీఎస్ రాకపోతే డెంటల్ అని కాదు, ముందునుంచీ డెంటలే. మా అక్కకి ఈ ముక్క ఎప్పుడూ ఎక్కలేదు. "పళ్ళ డాక్టరేంట్రా తమ్ముడూ, అసలు డాక్టరవ్వాలి గానీ" అనేది. మన తెలుగు ఇళ్ళల్లో దంత వైద్యం ఎవరూ మొక్కుకుని తెచ్చుకునేది కాదు. పెద్ద మొక్కు తీరకపోతే చేతికొచ్చేది.

2023లో నీట్ మొదటిసారి రాసి, సీటు అందే మార్కులు రాక, ఆ జూన్‌లో లాంగ్‌టర్మ్‌కని మా ఇంటికి వచ్చింది. లాంగ్‌టర్మ్ అంటే మన దగ్గర తెలియనివాళ్ళు లేరు. ఇంటర్ అయిపోయిన పిల్లలు ఇంకో ఏడాది ఆ పరీక్ష ఒక్కటే లోకంగా బతకడం. యానాంలో వీళ్ళు చదివిన ఇంటర్ మన ఆంధ్రా సిలబస్. నీట్‌కి ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలు. అందుకని వచ్చిన వారంలోనే నెహ్రూ వీధి వైపు తీసుకెళ్ళి పదకొండు, పన్నెండు తరగతుల పుస్తకాలన్నీ కొత్తవి కొనిచ్చాను. ఆ కొనడం మీద ఇంత ఆలోచించాల్సి వస్తుందని అప్పుడు అనుకోలేదు. అక్కడ యానాంలో స్నేహితురాలు తమ చుట్టాలమ్మాయి చదివి ఇచ్చిన పాత పుస్తకాలతో ఇంట్లోనే చదువుకుంది. రాత్రి తొమ్మిదిన్నర అయ్యేసరికి ఇద్దరూ ఫోన్లో. ఒకళ్ళు ప్రశ్న వేస్తే ఒకళ్ళు జవాబు. నేను పళ్ళు అమరుస్తూ పక్క గదిలోంచి వినేవాణ్ణి. కిరణజన్య సంయోగక్రియ నాకూ సగం వచ్చేసింది.

ఇద్దరూ యానాం కోటా వాళ్ళే. ఎనిమిది వందల కిలోమీటర్ల దూరాన గోదావరి ఒడ్డున ఉన్నా మా యానాం పుదుచ్చేరిలో భాగం. ఇక్కడ సీట్లు కేటాయించే సెంటాక్ కౌన్సెలింగులో యానాంకి విడిగా కొన్ని సీట్లుంటాయి. గోరిమేడులోని మహాత్మాగాంధీ ప్రభుత్వ దంత వైద్య సంస్థలో ఆ సీట్లు చేతివేళ్ళ మీద లెక్కపెట్టేటన్నే. ఆ పిల్ల కూడా డెంటల్ కోసమే చూస్తోంది. అంటే దేశమంతటి నుంచీ 23 లక్షల మంది రాస్తున్నా, నిజంగా పోటీ మూడిళ్ళ అవతలి పిల్లతోనే. ఇది ఇద్దరికీ తెలుసు. తెలిసే రోజూ ఫోన్లో ఒకరికొకరు పాఠం చెప్పుకున్నారు.

మైనస్ మార్కుల సంగతి ఒకటి చెప్పాలి. సరైన జవాబుకి నాలుగు, తప్పుకి మైనస్ ఒకటి, వదిలేస్తే సున్నా. నాకు ఇది ధర్మంగా తోచింది. తెలియదని ఒప్పుకుంటే నష్టం లేదు, తెలిసినట్టు నటిస్తే శిక్ష. ఆ మాటే అమ్మాయితో అన్నాను. అది కాగితం మీద లెక్క వేసి చూపించింది. "నాలుగు ప్రశ్నలు కళ్ళు మూసుకుని పెట్టామనుకో మావయ్యా. సగటున ఒకటి తగుల్తుంది, నాలుగొస్తాయి. మూడు పోతాయి, మైనస్ మూడు. ఇంకా ఒకటి మిగులుతుంది. గుడ్డిగా పెట్టినవాడికే లాభం." నేను మళ్ళీ మళ్ళీ వేసి చూశాను. నిజమే. మరి నువ్వు పెడతావా అన్నాను. చాలాసేపటికి, "పెట్టను. రేపు ఒకళ్ళ నోట్లో ఏ పన్ను తియ్యాలో తెలియనప్పుడు నాలుగింట్లో ఒకటని లెక్కేస్తానా?" అంది. పరీక్ష నిజాయితీకి బహుమతి ఇచ్చేలా కట్టలేదని ఆ పిల్ల ముందే కనిపెట్టింది. అయినా నిజాయితీగానే ఉండాలనుకుంది. పరీక్షలో చివరికి ఏం చేసిందో నేను అడగలేదు.

పరీక్షలో చేతిపని మీద ఒక్క ప్రశ్న ఉండదు. అమెరికాలో డెంటల్ ప్రవేశ పరీక్షకి ఒకప్పుడు సుద్దముక్క ఇచ్చి చెక్కమనేవారట. 1970ల మొదట్లో అది తీసేసి, ఆకారాలూ కోణాలూ కాగితం మీదే గుర్తుపట్టే ప్రశ్నలు పెట్టారు. మన దగ్గర అదీ లేదు. జంతుశాస్త్రం, వృక్షశాస్త్రం, రసాయనం, భౌతికం. ఇవి అవసరం లేవని అనను. కానీ మైనంలో పన్ను చెక్కిన ఆ పన్నెండేళ్ళ వేళ్ళని ఎవరూ పరీక్షించలేదు, ఎవరూ పరీక్షించరు. ఈ పనిలో ముప్ఫై ఏళ్ళు గడిపినవాడిగా అది నాకు బాధ.

మరి ఇలాంటి పరీక్షకి కూర్చునే పిల్ల దేవుణ్ణి ఏం అడగాలి?

మా పక్కింట్లో రిటైరైన తమిళ మాస్టారు ఒకాయన ఉన్నారు. గుడిలో జరిగింది చెబితే ఆయన సుబ్రహ్మణ్య భారతి సంగతి ఎత్తారు. భారతి 1908 నుంచి పదేళ్ళు ఈ ఊళ్ళోనే తలదాచుకున్నాడు. ఆ రోజుల్లో ఈ మణకుళ వినాయకుడి మీదే వినాయకర్ నాన్మణిమాలై రాశాడు. అందులో ఒకచోట, ఇంతవరకు ఎవరూ అడగని వరం అడుగుతున్నానని చెప్పి, భూమ్మీది జీవులన్నీ, పురుగూ పుట్రా పశుపక్ష్యాదులతో సహా, బాధ లేకుండా బతకాలని కోరతాడట. ఆ మాట విన్నాక రాత్రంతా నాకు ఒకటే ఆలోచన. అన్నం అందరికీ కావాలని అడగవచ్చు. ఆరోగ్యం అడగవచ్చు, వాన అడగవచ్చు. నా వృత్తి ధర్మంగా, అందరి నోళ్ళల్లోనూ పళ్ళుండాలనీ అడగవచ్చు. ర్యాంకు మాత్రం అందరికీ అడగలేం. అందరికీ మొదటి ర్యాంకు ఇవ్వు స్వామీ అంటే ఆ మాటకి అర్థమే లేదు. మార్కు నాది, నేను చదివితే నాకు వస్తుంది. ర్యాంకు నాది కాదు. నా ముందు ఎంతమంది ఉన్నారన్నదే ర్యాంకు. దాన్ని అడగడమంటే, నోరు విప్పి అనకపోయినా, ముందున్నవాణ్ణి వెనక్కి లాగమనడమే.

ఇలా తేల్చేసుకుని నిశ్చింతగా పడుకున్నాను. మార్కులు అడగవచ్చు, ర్యాంకు అడగకూడదు. ఎంత చక్కటి తీర్పు! ఆ ఏడాది జరిగిన సంగతులు దాన్ని నిలవనివ్వలేదు.

ఫలితాలు జూన్ 4న, లోక్‌సభ ఎన్నికల ఫలితాల రోజునే వచ్చాయి. దేశంలో 67 మందికి 720కి 720. పేపరు లీకని గొడవ. టైము నష్టపోయారని 1,563 మందికి కలిపిన మార్కులు తరవాత రద్దు చేసి, వాళ్ళకి మళ్ళీ పరీక్ష పెట్టారు. కేసులు సుప్రీంకోర్టుకి వెళ్ళాయి. మా రెండిళ్ళ లెక్క వేరు. యానాం పిల్లకి మా అమ్మాయి కంటే మూడు మార్కులు ఎక్కువ వచ్చాయి. మా కోటాలో మూడు మార్కులంటే సీటు ఉండటమూ లేకపోవడమూ. మా అమ్మాయి స్నేహితురాలికి ఫోన్ చేసి శుభాకాంక్షలు చెప్పింది. తరవాత స్నానాల గది తలుపు వేసుకుని చాలాసేపు నీళ్ళ చప్పుడు వినిపించింది. ఆ చప్పుడు వింటూ కూర్చున్న నాకు ఏ వేదాంతమూ గుర్తురాలేదు.

ఆ వారం ఓదార్చడానికి వచ్చిన ఒకాయన అరవిందుల గురించి చెప్పాడు. ఆయన 1890లో ఐసీఎస్ పోటీ పరీక్షలో పదకొండో ర్యాంకు తెచ్చుకుని, రెండేళ్ళ శిక్షణ తరవాత గుర్రపుస్వారీ పరీక్షకి వెళ్ళకుండా ఊరుకుని ఆ ఉద్యోగం పోగొట్టుకున్నాడు. 1910లో ఈ ఊరు చేరాడు. గీత మీద ఆయన వ్యాసాలు ఇక్కడి ఆర్య పత్రికలోనే వచ్చాయి. ర్యాంకులో ఏముందమ్మా, ఆశ్రమం బళ్ళో పరీక్షలే లేవు, పట్టాలే ఇవ్వరు అన్నాడాయన. అన్నీ నిజాలే. నాకూ అరవిందులంటే గౌరవం ఉంది, సమాధి దగ్గర కూర్చుని వస్తుంటాను. అయినా ఆ రోజు ఆ మాట నాకు నచ్చలేదు. పదకొండో ర్యాంకు చేతిలో పట్టుకుని దాన్ని వదులుకోవడం త్యాగం. రాని ర్యాంకుని అక్కర్లేదనుకోమని పంతొమ్మిదేళ్ళ పిల్లకి చెప్పడం త్యాగం నేర్పడం కాదు. ఆ పిల్ల ఏడ్వాలి. ఏడ్చే హక్కు దానికి ఉంది.

అన్నిటికంటే అసలు సంగతి భౌతికశాస్త్రంలో ఒక ప్రశ్న దగ్గర ఉంది. రెండు వాక్యాలు ఇచ్చారు. మొదటిది, పరమాణువులో ధనావేశమూ ఋణావేశమూ సమానం కాబట్టి అది తటస్థంగా ఉంటుందని. రెండోది, ప్రతి మూలకం పరమాణువులూ స్థిరంగా ఉండి తమ వర్ణపటాన్ని వెలువరిస్తాయని. ఏది ఒప్పు, ఏది తప్పు? పాత ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకం ప్రకారం రెండూ ఒప్పే. కొత్త పుస్తకంలో "ప్రతి" అన్నచోట "చాలా" అని మార్చారు, దాని ప్రకారం రెండోది తప్పు. పరీక్ష పెట్టినవాళ్ళు మొదట రెండు జవాబులకీ మార్కులు ఇచ్చారు. సుప్రీంకోర్టు జూలై 22న ఢిల్లీ ఐఐటీ నిపుణుల్ని అడిగింది. మరునాడే వాళ్ళు, సరైన జవాబు ఒక్కటే, రెండో వాక్యం తప్పు అన్నారు. పరీక్ష మళ్ళీ పెట్టక్కర్లేదనీ, ఈ ప్రశ్నకి మార్కులు మాత్రం సరిచేయమనీ కోర్టు జూలై 23న చెప్పింది. నాలుగు లక్షల మందికి పైగా పిల్లలకి వచ్చిన నాలుగు పోయి, మైనస్ ఒకటి పడింది. మనిషికి ఐదు మార్కులు. నూటికి నూరు తెచ్చుకున్నవాళ్ళు చివరికి 17 మంది మిగిలారు. సవరించిన ఫలితాలు జూలై 26న వచ్చాయి.

మా అమ్మాయి చదివింది కొత్త పుస్తకం. దాని మార్కులు కదల్లేదు. యానాం పిల్ల చదివింది పాత పుస్తకం. మూడు ముందున్నది రెండు వెనక్కి వెళ్ళింది.

ఆ జూలై 22 సాయంత్రం, టీవీలో వార్త చూసి మా అక్క యానాంలో తులసికోట ముందు నిలబడి మొక్కుకుందట. ఏడుకొండలవాడికి తలనీలాలు ఇస్తానని. ఏ ప్రశ్నో, ఏ పుస్తకమో దానికి తెలియదు. "నా కూతురికి న్యాయం చెయ్యి స్వామీ" అని మాత్రమే అడిగింది. తను అడిగినట్టే జరిగింది. ఏ దారిన జరిగిందో చూడండి. మా పిల్లకి ఒక్క మార్కు కలవలేదు. మూడిళ్ళ అవతల ఐదు మార్కులు తీశారు.

సవరించిన ఫలితాలు వచ్చిన రాత్రి ఫోన్లో అక్క ఏడుస్తూ, "దేవుడు మన మొర విన్నాడురా" అంది. నాకు గొంతు పెగల్లేదు. ఆ మాట అంటే, అవతలి ఇంట్లోవాళ్ళ మొర వినలేదని కూడా అనాలి. ఆ పిల్ల తల్లి ఆదివారం ఆదివారం చర్చిలో మోకాళ్ళ మీద నిలబడింది. ఆ ప్రార్థన ఎటు పోయింది? ఊళ్ళోవాళ్ళకి ఈ బాధ లేదు. ఆ పిల్లకి రాత లేదన్నారు, వాళ్ళ కర్మ అన్నారు. నాకు తెలిసి అది నుదుటి రాత కాదు, ఒక పుస్తకం అచ్చు. నా చేతులతో, నా డబ్బుతో, రెండు వందలు కూడా కాని పుస్తకం ఒకటి నేను కొన్నాను. ఆ పిల్లకి కొనలేదు. రోజూ రాత్రి దాని గొంతు వింటూ కూడా, ఏ పుస్తకం చదువుతున్నావమ్మా అని ఒక్కసారి అడగలేదు. కర్మ సిద్ధాంతాన్ని నేను నమ్ముతాను. నాకు దెబ్బ తగిలినప్పుడు నాకు నేను చెప్పుకుంటే అది నన్ను నిలబెడుతుంది. దెబ్బ తిన్న పక్కవాడికి, గెలిచినచోట నిలబడి చెబితే మాత్రం అది నాకు క్రౌర్యంగా వినిపిస్తుంది. మాట అదే, చెప్పేవాడు నిలబడ్డ చోటు మారింది.

మరి అక్క చేసింది తప్పా? గీతలో కృష్ణుడు తనని కొలిచేవాళ్ళని నాలుగు రకాలుగా చెప్పాడు: ఆపదలో ఉన్నవాడు, తెలుసుకోవాలనుకునేవాడు, ఏదో కావాలని వచ్చినవాడు, జ్ఞాని. జ్ఞానిని తన ఆత్మే అన్నాడు. అయినా మిగతా ముగ్గుర్నీ తోసెయ్యలేదు, అందరూ ఉదారులే అన్నాడు. కావాలని వచ్చినవాణ్ణి ఉదారుడు అనడం నాకు ఎప్పుడూ అర్థమయ్యేది కాదు. కూతురి కోసం జుట్టు ఇస్తానన్న అక్కని చూశాక కొంత అర్థమైంది. తన కోసం ఏమీ అడగలేదు కదా. కానీ ఆ ప్రేమ ఒక్క ఇంటి దగ్గర ఆగిపోయింది. దాన్ని తప్పు అనలేను, చాలు అనీ అనలేను.

యానాం నుంచి బస్సెక్కితే ద్రాక్షారామం గంటలోపే. దక్షుడు యజ్ఞం చేసింది అక్కడేనని మా వైపు చిన్నపిల్లలకి కూడా తెలుసు. అంతకు ముందు దక్షుడు శివుణ్ణి తిడుతుంటే పూషుడనే దేవుడు పళ్ళు బయటపెట్టి నవ్వాడు. యజ్ఞం దగ్గరికి వీరభద్రుడు వచ్చి ఆ పళ్ళు రాలగొట్టాడు. తరవాత అందరూ శివుణ్ణి వేడుకున్నప్పుడు పూషుడికి ఏర్పాటు ఏమిటో భాగవతం నాలుగో స్కంధంలో ఉంది: పిండి తిను, లేదా యజమాని పళ్ళతో తిను. చరక సంహితలోనైతే అశ్వినీ దేవతలు పూషుడి పళ్ళు బాగుచేశారని ఉంటుంది. ఆ లెక్కన వాళ్ళే మొదటి దంత వైద్యులు. మా అమ్మాయికి ఆ కథ ఇష్టం. నాకు మాత్రం యజమాని పళ్ళతో తినమన్న మాటే ఇష్టం. యజ్ఞం చేసేవాడి నోటితో దేవుడు తింటాడు. అంటే మనం నమిలితేనే ఆయనకి అందుతుంది. నా పనిలో కూర్చుని ఆ మాట ఎన్నిసార్లు తలచుకున్నానో. దేవుడు ఆ పిల్లకి పుస్తకం ఇవ్వాలనుకుని ఉంటే, ఎవరి చేతులతో ఇస్తాడు? నెహ్రూ వీధిలో ఆ రోజు నిలబడ్డ నా చేతులతోనే కదా. ఆ చేతులు ఒక్క సెట్టే కొన్నాయి.

యానాం పిల్లకి నేనే ఫోన్ చేశాను. ఏం చెప్పాలో తెలియక ఆ ప్రశ్న గురించే అడిగాను. "రేడియోధార్మిక మూలకాలు ఉన్నాయి కదా మావయ్యగారూ, అన్ని పరమాణువులూ స్థిరంగా ఉండవని నాకు తెలుసు. పరీక్షలో ఆ వాక్యం చదవగానే తప్పనిపించింది కూడా. కానీ పుస్తకంలో అక్షరాలా అలాగే ఉంది. పుస్తకమే ఒప్పయి ఉంటుంది, నాకే అర్థం కాలేదేమో అనుకున్నాను" అంది.

మన శాస్త్రాలు ప్రత్యక్షం, అనుమానం, శబ్దం అని ప్రమాణాలు చెబుతాయి. వీటిలో ఏది దేనికి లోబడాలని పండితులు శతాబ్దాల తరబడి వాదించుకున్నారు. యానాంలో చదువుకున్న పిల్ల మూడు గంటల ఇరవై నిమిషాల పరీక్షలో, ఒక్క నిమిషంలో ఆ వాదం తేల్చాల్సి వచ్చింది. తన బుద్ధిని పక్కన పెట్టి పుస్తకాన్ని నమ్మింది. వినయం అని చిన్నప్పటి నుంచీ మనం పిల్లలకి నేర్పేది దాన్నే. ఆ వినయానికి ఐదు మార్కులు పోయాయి. మా అమ్మాయి గొప్ప ఏమీ లేదు, అదీ పుస్తకాన్నే నమ్మింది. దాని పుస్తకం వేరు, అంతే.

తప్పు నాది అన్నాను ఆ పిల్లతో. "మీదేంటి మావయ్యగారూ" అంది. కాసేపాగి, "తను గుడిలో నా పేరు కూడా చెప్పిందట కదా" అంది. చెప్పింది, తరవాత ఇద్దరి పేర్లూ తీసేసిందమ్మా అన్నాను. ఎందుకలా అని ఆ పిల్ల అడగలేదు.

నేనైతే మా అమ్మాయిని అడిగాను. సెంటాక్ జాబితాలో పేరు వచ్చి, గోరిమేడులో సీటు ఖాయమైన రోజు. ఆ సాయంత్రం నీ పేరు ఎందుకు వెనక్కి తీసుకున్నావే అని. "నా పేరు ఒక్కటే చెబితే దాన్ని వదిలేసినట్టు ఉంటుంది. దాని పేరు చెబుదామంటే నక్షత్రం లేదు. ఇద్దరిలో ఎవరికివ్వాలో ఆయన కూడా తేల్చలేడనిపించింది మావయ్యా. ఆయన్ని ఇరుకున పెట్టడం ఎందుకని" అంది.

ఆ మాట నాలో ఇప్పటికీ తిరుగుతూనే ఉంది. నేను రాత్రంతా కూర్చుని మార్కు వేరు, ర్యాంకు వేరు అని తర్కం కట్టాను. అది అడగడమే మానేసింది. మానేసి కూడా గుడికి వెళ్ళింది, వరుసలో నిలబడింది, కాగితం ఇచ్చింది, దండం పెట్టింది. ఏమీ అడగకుండా దండం పెట్టడం ఒకటుందని నాకు తెలుసు. యాభై ఏళ్ళు దాటినా అది నాకు రాలేదు. సీటు వచ్చాక కూడా అది దేవుడిచ్చాడని అనదు, నేను సాధించానని అనదు. మొదటి ఏడాది మైనం దిమ్మల మీద పళ్ళు చెక్కిస్తారు. ఒక్కోటి తెచ్చి నా బల్ల మీద పెట్టి, "ఇక్కడ వాలు సరిపోయిందా మావయ్యా?" అంటుంది. అలాంటిదే రెండోది చెక్కి యానాం పంపుతుంది. ఆ పిల్ల కాకినాడలో నర్సింగులో చేరింది. ఆమె కిటికీ గట్టు మీద ఆ పళ్ళు వరసగా పెట్టుకుందని మా అక్క చెప్పింది.

అక్క మొక్కు మిగిలింది. తీర్చవద్దని నేను ఒకసారి అన్నాను. మూడిళ్ళ అవతల ఆవిడ ఉంది, బోడిగుండుతో ఆ వీధిలోకి ఎలా నడిచి వస్తావని. మొక్కు మొక్కేరా, దేవుడికి బాకీ పెట్టుకోకూడదు అంది. పెద్ద తిరుపతి మొక్కు చిన్న తిరుపతిలో తీర్చుకోవచ్చని మా గోదావరి వైపు నమ్మకం. చిన్న తిరుపతి మొక్కు మాత్రం అక్కడే తీర్చాలి. ఆ వీలు చూసుకుని ద్వారకా తిరుమల వెళ్ళింది. నేనూ వెళ్ళాను. జుట్టు తీయించుకుని, గంధం పూసుకుని, సాయంత్రానికి యానాం చేరాం. వీధి మొదట్లో అక్క కొంగు నెత్తి మీదకి లాక్కుంది. ఆ గుమ్మం ముందు నుంచి తల వంచుకుని నడుస్తోంది.

ఆవిడ బయటే ఉంది, బట్టలు తీస్తూ. అక్కని చూసి దగ్గరికి వచ్చింది. కొంగు కాస్త పక్కకి జరిపి, గంధం ఆరిన ఆ గుండు మీద అరచెయ్యి పెట్టి, "చల్లగా ఉందా వదినా?" అంది. అక్క బదులు చెప్పలేకపోయింది. "రెండు రోజులు ఎండలో తిరక్కు" అని, ఆవిడ మిగిలిన బట్టలు తీసుకోవడానికి వెళ్ళింది.